మూడు రూపాయల మేష్టారు



ఇంటర్మీడియెట్ ఫలితాలు, ఆ వెనుకనే ఇంజనీరింగు ప్రవేశపరీక్ష ర్యాంకులు వచ్చిన వారానికి మా నూజెండ్ల విచారణకు చెందిన ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకొని గురుగృహానికి వచ్చాడు. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పిల్లవాడు పరీక్ష తప్పాడని, మిరపపంట డబ్బంతా కోచింగుకు పోస్తే అది మట్టిలో పోసినట్లయిందని, వీడికి నాలుగు మంచి మాటలు చెప్పమని తండ్రి అడిగాడు. మార్కుల కాగితం తీసుకొని చూశాను. అన్ని సబ్జెక్టులలోనూ పాసయ్యాడు. మార్కులు కూడా తీసివేయదగినవి కావు. మరి తప్పింది ఎక్కడ? పక్కవీధి బంధువుల అబ్బాయికి వచ్చిన ర్యాంకు వీడికి రాలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. అదీ సంగతి.

నీవు ఏం కావాలనుకుంటున్నావని ఆ పిల్లవాణ్ణి అడిగాను. నేల చూపులు చూశాడు తప్ప జవాబు చెప్పలేదు. పొగరుతో కాదు. పదిహేడేళ్ళు వచ్చినా ఆ ప్రశ్న వాణ్ణి అంతవరకు ఎవరూ అడగలేదు. ఏం కావాలో చెప్పినవారే గాని, ఏం కావాలని అడిగినవారు లేరు.

ఆ తండ్రిని చూసి నవ్వే హక్కు నాకు లేదు. పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నాకూ ఒక కొలత ఉండేది. పైచదువులకు విదేశాలకు పంపబడినవాడు గెలిచినవాడు, పల్లెకు పంపబడినవాడు వెనుకబడినవాడు అని లోలోపల అనుకునేవాణ్ణి. నా వంతుకు పల్లె, ఒక పాత సైకిలు వచ్చాయి. చాలా కాలం ఓడిపోయినవాడిలా తిరిగాను. ఆ కొలత నేను చేసుకున్నది కాదని, నలుగురి మాటలలోనుండి తెచ్చి నా మెడకు నేనే కట్టుకున్నానని తెలియడానికి ఏళ్ళు పట్టింది. అందుకే ఆ సాయంత్రం తండ్రికొడుకు లిద్దరికీ మన పక్క ఊరి మనిషి కథ ఒకటి చెప్పాను. ఆ కథే మీకూ చెబుతున్నాను.

నూజెండ్ల నుండి వినుకొండకు వెళ్ళేవారికి ఊరికంటె ముందు కొండ కనబడుతుంది. కొండమీద రామలింగేశ్వరుని గుడి, కొండ కింద ఊరు. ఆ ఊరిలో 1895 సెప్టెంబరు 28వ తేదీన గుఱ్ఱం జాషువ జన్మించారు. తండ్రి వీరయ్యగారు యాదవ కులస్థుడు. తల్లి లింగమ్మగారు మాదిగ కులస్థురాలు. ఇంట్లో నమ్మినది క్రైస్తవం. కాని ఆ రోజుల్లో ఊరు మనిషిని విశ్వాసాన్నిబట్టి చూసేది కాదు. తల్లి కులాన్ని లెక్కలోకి తీసుకొని పిల్లవాణ్ణి అంటరానివాడని తేల్చివేసింది. అంటే వాడు ఏం కావాలో, అంతకుమించి వాడు ఏం కాకూడదో ఊరు ముందే రాసి పెట్టింది.

ఆ పిల్లవాడు మాత్రం బొమ్మలు గీసేవాడు, పాటలు పాడేవాడు. దీపాల పిచ్చయ్యశాస్త్రి అనే బాల్యస్నేహితుడు ఉండేవాడు. ఆయన కూడా తరువాతి కాలంలో పేరున్న రచయిత అయ్యారు. ఆ స్నేహంలో జాషువకు పద్యంమీద మనసు పడింది. తానూ కవి కావాలనుకున్నాడు.

ఈ కోరికను ఇప్పటి కళ్ళతో చూస్తే దాని బరువు తెలియదు. ఆనాడు పద్యం రాయాలంటే ఛందస్సు తెలియాలి, వ్యాకరణం తెలియాలి, వెనుక సంస్కృతం ఉండాలి. సంస్కృతం కొన్ని ఇళ్ళ నడవాలలో మాత్రమే ఉండేది. ఆ ఇళ్ళ అరుగులు ఎక్కడానికి కూడా ఈ పిల్లవాడికి వీలులేదు. కవిత్వంవల్ల కూడు దొరకదు, కులం మారదు, గౌరవం వస్తుందనే నమ్మకమూ లేదు. ఊరు ఇచ్చిన కొలతలో గాని, ఇంటి అవసరాల కొలతలో గాని ఆ కోరికకు చోటు లేదు. అది అచ్చంగా తనది. నా ఉద్దేశంలో జాషువ జీవితంలో మొదటి విజయం అదే. పద్యం రావడం తరువాతి మాట. తనకు ఏం కావాలో తాను తేల్చుకోవడం ముందు జరిగింది.

కోరిక పెద్దది. చేతిలో ఉన్నది చాలా చిన్నది. 1910లో, పదిహేనేళ్ళ వయసులో, మేరీగారితో పెళ్ళయింది. సంసారం మీదపడింది. బారంపేటలోని మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం నెలకు 3 రూపాయలు. బడికి కాలినడకన వెళ్ళాలి. వెళ్ళినంత దూరమూ తిరిగి రావాలి. మన ప్రాంతపు ఎండలు మీకు చెప్పనక్కరలేదు. మేనెలలో మన ఊరి బస్టాండుదాకా నడవడానికే మనం మొగ్గుచూపం. ఆ యువకుడు మూడు రూపాయల కోసం రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచాడు. చివరికి ఆ ఉద్యోగం కూడా నిలవలేదు.

పొట్ట చేతపట్టుకొని రాజమండ్రి వెళ్ళారు. 1915, 1916 సంవత్సరాలలో అక్కడ ఆయన చేసిన పని ఈనాటి పిల్లలకు విచిత్రంగా ఉంటుంది. అప్పటికి సినిమాలకు మాట రాలేదు. తెరమీద బొమ్మలు కదులుతూ ఉంటే, పక్కన ఒక మనిషి నిలబడి కథనూ పాత్రల సంభాషణలనూ గట్టిగా చదివి వినిపించాలి. జాషువ ఆ వాచకుడి పని చేశారు. కవి కావాలనుకున్నవాడు మూగబొమ్మలకు గొంతు అరువిచ్చే పనిలో పడ్డాడు. చూసినవారికి అది పతనంలాగే కనిపించి ఉంటుంది. కాని ఏ మాట దగ్గర జనం నిశ్శబ్దమవుతారో, ఏ మాటకు కదిలిపోతారో చీకటిలో నిలబడి రోజూ గమనించే అవకాశం ఎంతమంది కవులకు దొరికింది? ఆయన పద్యాలు చదువుకున్నవారితోపాటు చదువురానివారికి కూడా ఎలా పట్టుబడ్డాయా అని ఆలోచించినప్పుడల్లా నాకు ఆ సినిమాహాలు గుర్తుకు వస్తుంది.

ఈ తిప్పలన్నిటి మధ్య ఆయన మానకుండా చేసిన పని ఒకటి ఉంది. అది చదువు. జూపూడి హనుమచ్ఛాస్త్రి అనే పండితుడు ఆయనకు సంస్కృత కావ్యాలు పాఠం చెప్పారు. మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం ఆయన దగ్గరే చదువుకున్నారు. ఆ కాలంలో ఒక బ్రాహ్మణ పండితుడు ఈ శిష్యుణ్ణి చేరదీయడం చిన్న విషయం కాదు. ఆ గురువుగారి పేరు మనం మరచిపోకూడదు.

గురువిద్యాలయంలో మాకు లాటిను భాష నేర్పినప్పుడు ఒక వాక్యానికి ఒక గంట పట్టేది. కర్త ఏది, క్రియ ఏది, ఏ విభక్తి ఎక్కడ అతుకుతుంది అని వేలు పెట్టి వెతుక్కునేవాళ్ళం. సంస్కృత శ్లోకం అంతకంటె సులువైనది కాదు. ఒక శ్లోకం, దాని పదవిభాగం, దాని అన్వయం, దాని తాత్పర్యం. మరునాడు ఇంకొక శ్లోకం. కడుపు నిండనివాడు, ఉద్యోగం నిలవనివాడు ఇలా రఘువంశమంతా చదవడమంటే ఏమిటో ఊహించండి. ఆ రోజుల్లో ఎవరైనా ఆయనను ఆపి, ఈ శ్లోకంవల్ల నీకు ఏమి లాభమని అడిగి ఉంటే చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఆ శ్లోకాల సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. తరువాత మళ్ళీ దానిదగ్గరకే వస్తాను.

తరువాత గుంటూరు చేరారు. లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్ళు పనిచేశారు. ఉభయభాషాప్రవీణ పట్టా సంపాదించారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉన్నారు. ఈ మూడు వాక్యాలలో పాతికేళ్ళు గడిచిపోయాయి. గంట కొడితే తరగతికి వెళ్ళడం, పద్యం వల్లె వేయించడం, నోటుపుస్తకాలు దిద్దడం, ఇంటికి వచ్చి దీపం ముందు తన కాగితాలు తీయడం. ఆ బతుకులో చెప్పుకోదగిన సంఘటనలు తక్కువ. కాని ఆ పాతికేళ్ళలోనే కవి తయారయ్యాడు.

అరిస్టాటిలు అనే గ్రీకు తత్వవేత్త చెప్పిన ఒక సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇళ్ళు కట్టగా కట్టగా మనిషి మేస్త్రీ అవుతాడు. వీణ వాయించగా వాయించగా వైణికుడవుతాడు. మంచి గుణాలు కూడా అలాగే చేయగా చేయగా అలవడతాయి. మేస్త్రీ అయ్యాక ఇల్లు కడదామని కూర్చున్నవాడు ఎన్నటికీ మేస్త్రీ కాడు. జాషువ 1917 ప్రాంతంలోనే కావ్యాలు రాయడం మొదలుపెట్టారు. హిమధామార్క పరిణయం, రుక్మిణీ కల్యాణం వంటి ఆ తొలి రచనల పేర్లు ఈనాడు పండితులకు తప్ప ఎవరికీ తెలియవు. అవి మేస్త్రీ కట్టిన తొలి గోడలు. ఆ గోడలు కట్టకపోతే తరువాతి మేడలు లేవు.

ఆయన ఎంచుకున్న ప్రక్రియను గమనించినా ఇదే కనబడుతుంది. ఆయన కీర్తిలో పెద్దభాగం ఖండకావ్యాలది. ఖండకావ్యం అంటే ఒక చిన్న విషయంమీద కొన్ని పద్యాల కూర్పు. ఒక శిశువు, ఒక సాలీడు, ఒక శ్మశానం. ఒక పూట కూర్చుంటే ఒక పద్యం, కొన్నాళ్ళకు ఒక ఖండిక, కొన్నేళ్ళకు ఒక సంపుటం. బడి ఉద్యోగం చేసుకునేవాడికి చేతనయిన సైజులోనే పని పెట్టుకున్నారు. కాని ఆ చిన్నదాన్ని మాత్రం ఏమాత్రం తక్కువ చేయలేదు.

మన పల్లెలలో తెల్లవార్లూ హరిశ్చంద్ర నాటకం ఆడిన రాత్రులు పెద్దవారికి జ్ఞాపకం ఉంటాయి. కాటిసీను వచ్చేసరికి నిద్రపోతున్నవారిని లేపేవారు. కాటికాపరి వేషంలో ఉన్న హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకొని శ్మశానంమీద పద్యాలు ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ కొట్టేవారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. శ్మశానవాటి పద్యాలు మాత్రం జాషువగారివి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. అక్కడ రాజూ పేదా ఒకే మట్టిలో కలుస్తారని, అంటు అనేది అక్కడ లేదని ఆ పద్యాల సారాంశం. ఏ కులంవారిని ఊరి చివర ఉంచారో ఆ కులంలో పెరిగిన మనిషి పద్యాలను ఊరు నడిబొడ్డున కూర్చొని ఊరంతా విన్నది. ఎవరు రాశారో చాలామందికి తెలియదు. తెలియకుండానే తలలు ఊపారు.

1932లో ఫిరదౌసి కావ్యం వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు దాటాయి. ఈ కావ్యం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఫిరదౌసి పారశీక మహాకవి. షానామా అనే మహాకావ్యం రాశాడు. గజనీ సుల్తాను మహమ్మదు పద్యానికి ఒక బంగారు నాణెం చొప్పున ఇస్తానని మాట ఇచ్చాడని, ముప్పై ఏళ్ళు శ్రమపడి కావ్యం పూర్తిచేసి తీసుకొస్తే వెండి నాణేలు పంపాడని, కవి గుండె పగిలిందని, తరువాత సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి శవం ఊరు దాటుతున్నదని ఒక ఐతిహ్యం ఉంది. ఆ ఐతిహ్యాన్ని జాషువ తెలుగు పద్యాలలో కన్నీరు పెట్టించేలా చెప్పారు.

ఈ కథలో కవి తప్పు ఏమీ లేదు. మాట తప్పింది సుల్తాను. అయినా నన్ను ఒక విషయం ఆలోచింపజేస్తుంది. ఫిరదౌసి కావ్యం బంగారం వచ్చినా వెండి వచ్చినా అదే కావ్యం. వెండి వచ్చినంతమాత్రాన అందులోని ఒక్క పద్యం కూడా తగ్గిపోలేదు. సుల్తాను మోసం చేసింది కూలి విషయంలో. కాని కూలితోపాటు తన జీవితపు విలువ కూడా ఆ సంచిలోనే ఉన్నదని కవి అనుకున్నాడు గనుక కుప్పకూలాడు. ఆ దుఃఖాన్ని అంత లోతుగా రాసిన జాషువకు ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? తన చుట్టూ ఉన్న సుల్తానులు ఇంకా పిసినారులు. వెండి మాట అటుంచి, సభలో కూర్చోనివ్వడానికే ఇష్టపడనివారు వారిలో ఉన్నారు.

వినుకొండలోనే ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివారు. ఈ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు లేచి అవమానించారు. ఇటువంటివి ఒకటి కాదు. పద్యం విన్నంతసేపు మెచ్చుకొని, చివరికి కులం అడిగి తెలుసుకొని, మొహం ముడుచుకొని లేచిపోయే మనిషిని ఆయన తన పద్యంలోనే బొమ్మకట్టి చూపించారు. ఆ అవమానం ఆయనను బాధించలేదని చెబితే అబద్ధమవుతుంది. గుండెలో బాకు దిగినంత బాధపడ్డారు. కాని ఆ బాధను కలం మూసివేయడానికి కారణం చేసుకోలేదు. మరుసటి పద్యానికి విషయం చేసుకున్నారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఈ పత్రికలో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కాని దాచిపెడితే అంతకంటె సిగ్గు. పురాణకథలు రాస్తున్నాడని, అన్యమత సాహిత్యంలో మునిగాడని ఆయనను వెలివేసినవారిలో క్రైస్తవ సంఘం పెద్దలు కూడా ఉన్నారు. ఒకవైపు వారు కులం పేరుతో తలుపు వేశారు. ఇటువైపు మనం మతం పేరుతో తలుపు వేశాము. ఆయన క్రమంగా సంఘాలకూ మతాలకూ దూరంగా జరిగి, మనిషినే నమ్ముకున్నారు. వారు ఫలానా సంఘంవారు, మనది వేరే సంఘం అని తప్పించుకోవాలని నాకు లేదు. ఈనాడు జయంతి సభలలో ఆయనను మనవాడని చెప్పుకోవడానికి ముందు, ఆనాడు మనవాడు కాదన్న నోరు కూడా ఇదేనని ఒప్పుకోవాలి.

రెండు తలుపులూ మూసుకున్న ఆ మనిషి 1941లో గబ్బిలం రాశారు. ఇప్పుడు ఆ పాత శ్లోకాల దగ్గరకు వద్దాము. కాళిదాసు మేఘసందేశంలో శాపం తగిలి దూరదేశంలో ఉన్న యక్షుడు తన భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువ కావ్యంలో దక్షిణదేశపు అంటరాని పేదవాడు ఒకడు తన గోడు శివునికి చెప్పుకోవాలనుకుంటాడు. కాని గుడిలోకి వెళ్ళనివ్వరు. రాత్రివేళ అతని గుడిసెలోకి ఒక గబ్బిలం వస్తుంది. గబ్బిలాన్ని అపశకునమంటారు. అయినా గుడిలోకి పోకుండా దాన్ని ఎవరూ ఆపలేరు. గర్భగుడిలో దేవుని దగ్గరగా వేలాడగలదు. మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. అందుకని పూజారి లేని సమయం చూసి తన బాధ దేవుని చెవిలో చెప్పమని దానితో కబురు పంపుతాడు. యక్షుని మేఘం వెళ్ళిన దారి భార్యదగ్గరకు. ఈ గబ్బిలం వెళ్ళిన దారి దేశం మనస్సాక్షి దగ్గరకు.

హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర మేఘసందేశం చదివిన రోజులకూ గబ్బిలం వెలువడిన సంవత్సరానికీ మధ్య దశాబ్దాలు గడిచాయి. చదివిన రోజున ఏ లాభమూ కనిపించని చదువు, తెలుగు జాతి మరచిపోలేని కావ్యమై తిరిగి వచ్చింది. ఏ భాష తనకు పనికిరాదన్నారో ఆ భాషలోని మహాకావ్యపు పద్ధతినే తీసుకొని, ఏ మనిషి నోరెత్తకూడదన్నారో ఆ మనిషికి నోరు ఇచ్చారు. చిన్న అడుగుల సంగతి ఇలాగే ఉంటుంది. అడుగు వేసిన రోజున అది ఎక్కడికి చేరుతుందో అడుగుకు తెలియదు. దారి ఎటో వేసినవాడికి తెలిస్తే చాలు.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడుగా పనిచేశారు. ముంతాజమహలు, కాందిశీకుడు, బాపూజీ వచ్చాయి. తెలుగు కవులందరికీ గురుస్థానంలో ఉన్న చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయంగా జాషువ కాలికి గండపెండేరం తొడిగారు. ఒకనాడు సభలోకి రానివ్వని కాలికి ఆ పండితకవి వంగి పెండేరం తొడగడం చూసినవారు ధన్యులు. 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. అదే ఏడు భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో కన్నుమూశారు.

వీటన్నిటిలో నా మనసు నిలిచిపోయేది ఒకచోట. సంఘం వెలివేసిన ఆ మనిషి, అరవై ఏళ్ళు దాటిన వయసులో, క్రీస్తు చరిత్ర అనే కావ్యం వెలువరించారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తలుపు వేసినవారిమీద కోపం, లోపల ఉన్న ఆయనమీద ప్రేమను చంపలేదు. పశువులశాలలో పుట్టి, ఊరివెలుపల సిలువమీద చనిపోయిన ఒకరి కథను, ఊరివెలుపల పుట్టిపెరిగినవాడు రాశాడు. దీని గురించి ఇంకేమీ వ్యాఖ్యానించను. చదువుకోవలసింది మనం.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. బిరుదులు, పదవులు, బహుమతులు విజయమనుకుంటే, జాషువ ఏబది ఏళ్ళ వయసు వచ్చేవరకు దాదాపు ఓడిపోయినవాడే. మూడు రూపాయల మేష్టారు, ఉద్యోగం పోయినవాడు, సినిమాహాలులో అరిచేవాడు, సభలో గెంటించుకున్నవాడు, సంఘంనుండి వెలివేయబడ్డవాడు. ఆ కొలత ఆయన మెడలో వేసుకొని ఉంటే గబ్బిలం పుట్టేది కాదు. నిన్నటికంటె ఈనాడు మంచి పద్యం రాశానా అనే కొలత పెట్టుకున్నారు గనుక, బారంపేట దారిలో నడిచే రోజుల్లో కూడా ఆయన గెలుస్తూనే ఉన్నారు. ఆ గెలుపు ఎవరూ ఇచ్చింది కాదు గనుక ఎవరూ తీసుకోలేకపోయారు.

అయితే ఒక జాగ్రత్త. చిన్న అడుగులు అనే మాటను పేదవాడికి ఓపికపట్టమని చెప్పడానికి వాడుకోకూడదు. మూడు రూపాయల జీతం న్యాయమని జాషువ అనలేదు. అంటరానితనాన్ని దేవుడు రాసిన రాత అని తలవంచలేదు. జీవితమంతా దానిమీద పద్యంతో పోరాడారు. ఉన్నదానితో తృప్తిపడటం వేరు, ఉన్నచోటునుండి నడక మొదలుపెట్టడం వేరు. దారిలో ముళ్ళు వేసినవారిని నిలదీస్తూనే నడవవచ్చు. జాషువ అలా నడిచారు.

ఆ కొలత ఆయనతో ఆగిపోలేదు కూడా. కుమార్తె హేమలత, కులాన్నీ మతాన్నీ పక్కనబెట్టి, సంఘసంస్కర్త గోరాగారి కుమారుడు లవణంగారిని 1960లో వివాహమాడారు. ఆ దంపతులు స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడినవారి మధ్య, తెలంగాణలో జోగినుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. హేమలతగారు 2008లో మరణించారు. ఒక్కొక్క ఇంటికి వెళ్ళి, ఒక్కొక్క మనిషితో మాట్లాడి చేసే ఆ పనికి కూడా ర్యాంకులు ఉండవు.

ప్రియ తల్లిదండ్రులారా, ఫలితాలు వచ్చే వేసవి నెలలలో ఎంతమంది పిల్లలు తమను తాము పనికిరానివారుగా తీర్పు తీర్చుకొంటున్నారో, ఆ తీర్పు కొన్ని ఇళ్ళలో ఎంత ఘోరానికి దారితీస్తున్నదో మీకు తెలియనిది కాదు. అందుకని మూడు చిన్న పనులు అడుగుతున్నాను. మొదటిది, మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఏం కావాలనుకుంటున్నావని అడగండి. అడిగి మీరే జవాబు చెప్పకండి. తెలియదని వాడంటే అది కూడా జవాబే. రెండవది, జవాబు దొరికినప్పుడు దానికోసం ఈ వారంలో చేయగల ఒక్క పని ఏమిటో చూడండి. పదేళ్ళ తరువాతి సంగతి కాదు, ఈ వారం సంగతి. మూడవది, పక్కింటివాడి బిడ్డతో కాక, నిన్నటి తనతో పోల్చుకోవడం వాడికి నేర్పండి. ఇది పెద్దవారికి కూడా అవసరమే. నాకు ఆలస్యంగానైనా పనికి వచ్చింది.

ఆ సాయంత్రం కథంతా విని తండ్రి ఏమీ అనలేదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, జాషువగారిది మన వినుకొండేనా అని ఒకసారి అడిగాడు. అవునన్నాను. ఆ అబ్బాయి మరుసటి వారం ఒక్కడే వచ్చాడు. తనకు ఏం కావాలో ఇంకా తెలియదన్నాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని, సాయంత్రం వేళ గురుగృహం వరండాలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పమన్నాను. ఇప్పుడు రోజూ వస్తున్నాడు. తొమ్మిదో ఎక్కం దగ్గర తడబడే ఒక పిల్లను ఒప్పజెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజున ఆ పిల్ల గడగడ చెప్పేసరికి వాడి ముఖంలో వెలుగు చూశాను. తండ్రి ఇంకా వచ్చే ఏడాది ర్యాంకుమీద ఆశ వదులుకోలేదు. వదులుకోమని నేనూ చెప్పలేదు. తన కొలత ఏమిటో పిల్లవాడే తేల్చుకోవాలి. అంతవరకు వరండాలో దీపం వేసి ఉంచడం నా వంతు.